శ్రీశైలం ఘాటు ఎక్కబోతున్న బిడ్డకు

అచ్చంపేట

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన ప్రయాణ పట్టిక రెండుసార్లు చదివాను. నువ్వూ నీ స్నేహితురాలూ చెరొక బండి మీద నల్లమల దాటి శ్రీశైలం వెళ్లి, దోర్నాల మీదుగా తిరిగి, నాగార్జునసాగర్ చూసుకుని నల్లగొండ చేరాలన్న ఆలోచన నాకు నచ్చింది. నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నేనైనా నిన్ను ఆపాలని అడిగాడు. నేను ఆపను. 22 ఏళ్లు ఆ ఘాటులో బస్సు నడిపినవాడిని. ఈగలపెంట దాటాక లోయలో కృష్ణమ్మ కనబడినప్పుడు బస్సంతా ఒక్కసారిగా కిటికీల వైపు ఒరిగేది. నేను మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పడానికి వీల్లేదు. ఆ దృశ్యాన్ని నువ్వు బండి పక్కన పెట్టుకుని తీరిగ్గా చూడాలని నా కోరిక. అయితే నీ పట్టికలో ఒక పెద్ద తప్పుంది. దాన్ని దిద్దకుండా నిన్ను పంపలేను.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు నల్లగొండలో బయలుదేరి రాత్రికి శ్రీశైలం చేరతామని రాశావు. లెక్క వేసి చూడు. కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు రావడానికి ఎంత కాదన్నా మూడు గంటలు. మధ్యలో టీ తాగినా, చైను బిగించుకున్నా ఏడవుతుంది. డిసెంబరులో ఆరు దాటకముందే చీకటి పడుతుంది. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారు, మళ్లీ తెల్లవారి ఆరింటికే తెరుస్తారు. అంటే ఏడింటికి గేటు దాటనిస్తారు, నిజమే. కానీ ఆ తర్వాత 70 కిలోమీటర్లకు పైగా అడవి. ఒక్క దీపం ఉండదు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎదురుగా వచ్చే కారు లైటు కళ్లలో పడితే మలుపు ఎటు తిరిగిందో కూడా తెలియదు. దారిలో పంక్చరు పడి గంట పోయిందనుకో, అప్పుడు గేటు మూసేలోపు చేరాలన్న ఆత్రం మీ చేత యాక్సిలరేటర్ తిప్పిస్తుంది. నేను చూసిన ఘాటు ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఈ ఆత్రమే. బయలుదేరిన గంటలోనే ఆలస్యమైపోయినవాళ్లు ప్రతి మలుపులోనూ ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవాలని చూస్తారు. కాబట్టి ముందు పట్టికలో తీరిక పెట్టు. మిగిలినవన్నీ ఆ తర్వాత.

శుక్రవారం సాయంత్రం నేరుగా మన ఇంటికి రండి. డిండి దగ్గర పొద్దు గుంకే వేళకు చెరువు గట్టు మీద పది నిమిషాలు ఆగితే చాలు, ఇంకెక్కడా ఆగవద్దు. హాజీపూర్‌లో కుడివైపు తిరిగితే అచ్చంపేట దగ్గరే. రాత్రి ఇక్కడ పడుకుని, టంకీ నిండా పెట్రోలు పోయించుకుని, తెల్లవారి గేటు తెరిచే వేళకు మన్ననూరులో ఉండండి. అడవిలో పెట్రోలు దొరుకుతుందని నమ్ముకోవద్దు. వెళ్లేది కార్తీకం దాటాక కాబట్టి మంచిదే. కార్తీక సోమవారాల్లోనూ, సంక్రాంతికీ, శివరాత్రికీ ఆ రోడ్డు నీది కాదు, భక్తులది. శివరాత్రి ముందు వేలమంది కాలినడకన పోతారు, చీకట్లో రోడ్డు అంచున నడుస్తుంటారు. ఆ రోజుల్లో సరదా ప్రయాణం పెట్టుకోవద్దు. వానాకాలంలో, ఆగస్టు, సెప్టెంబరులలో డ్యాం గేట్లు ఎత్తారని తెలిస్తే ఊళ్లకు ఊళ్లే కదిలి వస్తాయి. అప్పుడు ఘాటులో బండి నడవదు, పాకుతుంది.

ఇంకో మాట. 350 సీసీ బండి అద్దెకు తీసుకోవాలా అని అడిగావు. అక్కర్లేదు. నీ 150 బండి ఆ ఎత్తుకు చాలు. అలవాటు లేని బరువైన బండి కన్నా, దాని క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నీ వేళ్లకు తెలిసిన బండి ఘాటులో నయం. వారం ముందు మెకానిక్ దగ్గర పెట్టి బ్రేకు షూలు, ప్యాడ్లు చూపించు. బయలుదేరే ముందు రోజు మార్పిస్తే కొత్తవి సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. టైరు గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. గాడి అరిగి వాటితో సమానమైతే ఆ టైరుతో రావద్దు. గాలి నింపించేది టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం. ఒక క్లచ్ వైరు, ఒక యాక్సిలరేటర్ వైరు, ఒక ప్లగ్గు, పంక్చరు సామాను వెంట ఉండాలి. వైరు వెంట తెచ్చుకుంటే సరిపోదు, ఇంట్లో ఒకసారి నీ చేత్తో విప్పి బిగించి చూడు. సామానులో బరువైనవి వెనక చివరన కట్టవద్దు. ఎక్కుడులో ముందు చక్రం తేలికై హ్యాండిల్ మాట వినదు. బరువు సీటుకు దగ్గరగా, కిందుగా ఉండాలి.

ఇక ఘాటు. ఎక్కేటప్పుడు అందరూ భయపడతారు, అసలు జాగ్రత్త దిగేటప్పుడు కావాలి. నేను 1988లో, బస్సు ఉద్యోగం రాకముందు, ఒక మిత్రుడిని వెనక కూర్చోబెట్టుకుని రాజ్‌దూత్ మీద శ్రీశైలం వెళ్లాను. పెట్రోలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్‌లో వదిలి, బ్రేకు నొక్కుతూ దిగాను. నాలుగైదు మలుపులకే బ్రేకు డ్రమ్ములు కాలి మాడు వాసన వచ్చింది. వాసన వచ్చిందంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తర్వాతి మలుపులో పెడలు కింది దాకా వెళ్లింది, బండి ఆగలేదు. పిట్టగోడకు రాసుకుంటూ వెళ్లి పడ్డాం. నా మోకాలు ఇప్పటికీ చలికాలంలో పట్టేస్తుంది. మిత్రుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. అతను ఒక్క మాట కూడా అనలేదు, నేను ఇన్నేళ్లలో మరిచిపోనూ లేదు. ఎత్తు ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే చక్రాన్ని పట్టి ఉంచుతుంది, బ్రేకు చల్లగా ఉండి అవసరానికి పనికొస్తుంది. బ్రేకును అదేపనిగా అదిమి ఉంచకుండా, మలుపుకు ముందు తిన్నని రోడ్డు మీదే వేగం తగ్గించుకుని వదిలేయాలి. బండి ఒరిగాక బ్రేకు మీద పడే చెయ్యి బండిని పడేస్తుంది. మాడు వాసన వస్తే వెంటనే పక్కకు ఆపి పావుగంట కూర్చోండి. నీళ్లు మాత్రం పోయకండి.

బస్సు సీటులో కూర్చుని నేను చూసినవి రెండు చెబుతాను. ఇవి బండి నడిపేవాళ్లకు తెలియవు. మొదటిది, మలుపులో బస్సు ఒళ్లు. దాదాపు 11 మీటర్ల బస్సు హెయిర్‌పిన్ మలుపు తిరగాలంటే ముందు భాగాన్ని బయటి అంచు దాకా తీసుకెళ్లి తిప్పాలి. వెనక చక్రాలు లోపలి అంచుకు కోసుకుంటూ వస్తాయి, తోక బయటకు ఊగుతుంది. ఆ సమయంలో బస్సుకు ఏ పక్కన ఖాళీ కనబడినా అది ఖాళీ కాదు, ఇంకొక క్షణంలో మూసుకుపోయే చోటు. ఎదురుగా బస్సు మలుపులోకి దిగిందంటే నువ్వు మలుపుకు ముందే ఆగి దారి వదులు. వెనక ఉన్నావంటే, మలుపు పూర్తయ్యే దాకా వెనకే ఉండు. మామూలుగా ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, చట్టంలోనూ అదే ఉంది. కానీ హక్కు నీదే అయినా బస్సుతో పంతం పెట్టుకోవద్దు. రెండోది, కుడి మలుపు. టైరు నీ వైపే ఉందని నువ్వు అనుకుంటావు. బండి కుడికి ఒరిగినప్పుడు నీ తల, భుజం మధ్య గీత దాటి ఎదుటి వాహనం దారిలోకి వెళ్తాయి. కుర్రవాళ్ల హెల్మెట్లు నా బస్సు అద్దానికి జానెడు దూరంలో దాటిపోయిన రోజులు ఉన్నాయి. వాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండదు. కుడి మలుపులో ఎడమ అంచుకు దగ్గరగా ఉండు. చూపు చక్రం ముందు కాకుండా మలుపు చివరన పెట్టు, నువ్వు చూసిన వైపుకే బండి వెళ్తుంది. మలుపు అవతల కనబడకపోతే హారన్ కొట్టు.

మీ ఇద్దరిలో కొత్తగా నేర్చుకున్నది ఎవరో వాళ్లు ముందు ఉండాలి. వెనక ఉన్న కొత్తవాళ్లు ముందు బండిని అందుకోవాలని తమ శక్తికి మించి తోలతారు. ముందు బండి ఒక చెట్టును దాటాక నిదానంగా మూడు లెక్కపెట్టినా నీ బండి ఆ చెట్టు దగ్గరకు రాకూడదు, అంత దూరం ఉంచండి. ఇంకా ఎక్కువున్నా నష్టం లేదు. కలుసుకోవలసిన చోట్లు ముందే అనుకోండి: ఫర్హాబాద్ దారి చీలే చోటు, వటవర్లపల్లి, దోమలపెంట.

ఆ పేర్లు చూశావా? దోమలపెంట, ఈగలపెంట, నది దాటాక సున్నిపెంట. పెంట అంటే చెంచుల గూడెం. రోడ్డు రాకముందు నుంచీ ఆ అడవి వాళ్లది. మీరు మనుషుల ఊళ్ల మధ్యగా వెళ్తున్నారని గుర్తుంచుకోండి. గుడిసెల ముందు బండ్లు ఆపి, అడగకుండా ఫోటోలు తీయవద్దు. నది ఇవతల అంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాష్ట్రం వేరుపడక ముందు నది రెండు వైపులా కలిపి ఒకే నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వ్‌గా ఉండేది. పెద్దపులి కనబడుతుందని ఆశ పెట్టుకోకు. దుప్పులు, నెమళ్లు, కోతులు తప్పకుండా కనబడతాయి. ఒక దుప్పి రోడ్డు దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది, ఆగు. కోతులకు ఏమీ వేయవద్దు, ఇది నేను బతిమాలి చెబుతున్నాను. మనం విసిరే అరటిపండ్ల కోసమే అవి రోడ్డు మీదకు వస్తాయి, మన చక్రాల కిందే చస్తాయి. ఎన్ని పిల్లకోతులు చచ్చిన తల్లిని పట్టుకుని రోడ్డు మధ్య కూర్చోవడం చూశానో. ప్లాస్టిక్ సీసాలు వెంట తెచ్చుకోకండి, ఇంట్లో రాగి చెంబులు, స్టీలు సీసాలు ఉన్నాయి. నీ స్నేహితురాలి బండికి చప్పుడు చేసే సైలెన్సరు పెట్టించిందని మీ నాన్న చెప్పాడు. అది మార్పించాకే రమ్మను. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

దారిలో ఏం చూడాలన్నది మీ ఇష్టం, ఒక్కటి ఎంచుకోండి. మల్లెలతీర్థం జలపాతం చూడాలంటే వటవర్లపల్లి దగ్గర నుంచి లోపలికి ఎనిమిది కిలోమీటర్లు, తర్వాత మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. రెండు మూడు గంటలు పడుతుంది. వానాకాలం వెళ్లిన కొత్తలో నీళ్లు బాగుంటాయి, రాళ్లు పాచిపట్టి జారుతాయి. గుండంలోకి దిగవద్దు. నన్నడిగితే దాని బదులు శనివారం పొద్దున్నే, గేటుకు వెళ్లేలోపే, రంగాపూర్ దగ్గర కొండ మీది ఉమామహేశ్వరం చూడమంటాను. శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. కొండ చరియ కింద గుడి, ముందంతా మైదానం, ఎండ పడుతున్నప్పుడు చూడాలి. ఒక గంట ఆలస్యంగా గేటు దాటినా పోయేదేమీ లేదు, పట్టికలో తీరిక ఉంది కదా.

డ్యాం దగ్గర వంతెన మీద బండ్లు ఆపనివ్వరు, వాదించవద్దు. ఎగువన ఆగడానికి వేరే చోట్లున్నాయి. ఎడమ గట్టున ఆ కొండ కడుపులో 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి యంత్రాలు కరెంటు మిగిలిన వేళ కిందికి పోయిన నీటిని తిరిగి పైకి తోడతాయి కూడా. పైన రోడ్డు మీద నిలబడినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

తిరుగు దారి గురించి ఎక్కువ చెప్పను, దాన్ని నేను అంతగా ఎరగను. శిఖరేశ్వరం దగ్గర ఆగండి. దోర్నాల వైపు కూడా రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేటు మూసే ఉంటుంది. దోర్నాల, యర్రగొండపాలెం, మాచర్ల, సాగర్, హాలియా, నల్లగొండ: 200 కిలోమీటర్లు దాటుతుంది. మాచర్ల దాటాక ఎత్తిపోతల జలపాతం పది నిమిషాల దారి మళ్లింపు, చూడవచ్చు. సాగర్ చేరేసరికి పొద్దు గుంకితే అక్కడే ఉండిపోండి. సోమవారం ఉదయం ఆఫీసుకు ఒక పూట సెలవు ఇప్పుడే పెట్టేయి. ఆ సెలవు పెట్టకపోతే ఆదివారం సాయంత్రం మళ్లీ ఆత్రం పడతావు.

ఒక కాగితం మీద నీ పేరు, నీ రక్తం గ్రూపు, మీ నాన్న నంబరు, నా నంబరు రాసి జేబులో పెట్టుకో. నీ స్నేహితురాలిదీ అలాగే. ఫోన్ పనిచేయని చోట ఏదైనా జరిగితే వచ్చే బస్సుకు చెయ్యెత్తండి. ఆ దారిలో నడిపే డ్రైవరు ఎవరైనా సరే ఆగుతాడు, గేటు దగ్గర చెప్పి 108కి ఫోన్ చేయిస్తాడు. మేమంతా అలాగే చేశాం.

తెల్లవారి చలికి జర్కిన్ లోపల ఛాతీ మీద ఒక దినపత్రిక మడిచి పెట్టుకుంటే గాలి దూరదు. పాత పత్రికలు ఇక్కడ తీసి ఉంచాను. గురువారం రాత్రి ఫోన్ చేసి బయలుదేరుతున్నావో లేదో చెప్పు. మీ పెద్దమ్మ జొన్నపిండి పట్టించి పెట్టింది, నీ స్నేహితురాలు కారం తింటుందో లేదో కనుక్కోమంది.

మీ పెద్దనాన్న