డాఫ్ట్ పంక్ ఆల్బమ్‌ల వరుస: 'అలైవ్ 1997' ఎక్కడ చేరుతుంది?

నమస్కారమండీ. ఫ్రాన్స్‌కు చెందిన ఇద్దరు సభ్యుల ఎలక్ట్రానిక్ సంగీత బృందం డాఫ్ట్ పంక్ ఆల్బమ్‌లను వరుసగా విందామంటే 'అలైవ్ 1997' ఒకచోట 1997లోనూ, మరోచోట 2001లోనూ కనిపిస్తోందని అడిగారు. రెండూ సరైనవే. అది 1997 నవంబరులో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రికార్డయిన ప్రదర్శన. విడుదలైంది మాత్రం 2001లో. ముప్పావుగంట సేపు ఆగకుండా సాగే ఒకే ట్రాక్ కావడంతో, గాజువాక నుంచి బీచ్‌రోడ్డుకు బస్సులో వెళ్తూ కిటికీ పక్కన కూర్చుని నేను దాన్ని మధ్యలో ఆపకుండా విన్నాను. మీరూ అలాగే వినండి.

స్టూడియో ఆల్బమ్‌లు నాలుగే: 'హోంవర్క్' (1997), 'డిస్కవరీ' (2001), 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్' (2005), 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' (2013). వీటిలో మూడోది కొద్ది వారాల్లోనే తయారైంది. అందులో ఒకే పదబంధం పదేపదే తిరగడం మొదట విసుగు పుట్టించవచ్చు గానీ, దాన్ని పక్కన పెట్టేయకుండా వెంటనే పారిస్‌లో రికార్డయిన 'అలైవ్ 2007' వినండి. అవే పాటలు పాత రెండు ఆల్బమ్‌ల పాటలతో పెనవేసుకున్నప్పుడు వాటి అసలు బలం తెలుస్తుంది. నా దృష్టిలో వారి అత్యుత్తమ కృషి అదే.

2010 నాటి 'ట్రాన్: లెగసీ' సినిమా సంగీతాన్ని విడిగా ఉంచుకోండి. బృందంలోని ఇద్దరూ 2021 ఫిబ్రవరిలో విడిపోయారు.