మన దగ్గరే చమురు తీస్తే డీజిల్ చవకవుతుందా?

ప్రశ్న: డీజిల్ పెరిగినప్పుడల్లా వరికోత మిషన్ కిరాయి పెరుగుతోంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ ఉన్నాయంటారు. ఆ గోదావరి మన ఏటూరునాగారం మీదుగానే పోతుంది కదా! ఇక్కడా, అక్కడా మరిన్ని బావులు తవ్వితే డీజిల్ చవక కాదా?
– ఒక రైతు, పరకాల

జవాబు: ఏటూరునాగారం, భూపాలపల్లి, మంథని వైపు గోదావరి లోయలో ఉన్నవి సింగరేణి బొగ్గుకు ఆధారమైన గోండ్వానా శిలలు. మీరు చెప్పిన బేసిన్ కోస్తా డెల్టాలో, దానికి ఆనుకొని ఉన్న సముద్ర గర్భంలో ఉంది. రెండూ వేర్వేరు.

ఇక ధర సంగతి. దేశంలో తీసిన ముడిచమురును కూడా రిఫైనరీలు అంతర్జాతీయ ధరను అనుసరించే కొంటాయి కనుక, 159 లీటర్ల పీపా కాకినాడ సముద్రం నుంచి వచ్చినా, ఇరాక్ నుంచి వచ్చినా వాటికి పడే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో తొలగిపోయింది. అంతకుముందు సబ్సిడీ భారంలో వాటాగా, చమురు తీసే ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ తన చమురును రాయితీ ధరకు అమ్మవలసి వచ్చేది. ఆ మేరకు కొత్త బావులకు పెట్టగల సొమ్ము తగ్గిపోయింది. 2018 నుంచి ప్రపంచంలో అత్యధికంగా ముడిచమురు తీస్తున్న అమెరికాలో సైతం, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో గ్యాలన్ (సుమారు 3.8 లీటర్లు) పెట్రోలు సగటు ధర 5 డాలర్లు దాటింది.

అలాగని తవ్వకాలు వృథా అనడం లేదు. విదేశీ మారకం మిగులుతుంది. రాయల్టీ, సెస్సు రూపంలో ఖజానాకు రాబడి వస్తుంది. యుద్ధం వచ్చి ఓడలు ఆగినా కొంత సరఫరా మన చేతిలో ఉంటుంది. ఈ కారణాల చేత తవ్వి తీరాలనే నా అభిప్రాయం. అయితే లాభం చేరేది ఖజానాకు, పెట్రోలు బంకుకు కాదు. పైగా ఏటా 23 కోట్ల టన్నులకు పైగా పెట్రోలియం ఉత్పత్తులు వాడుతున్న దేశంలో ముడిచమురు ఉత్పత్తి 2011-12లో సుమారు 3.8 కోట్ల టన్నులు ఉండగా 2023-24 నాటికి 2.9 కోట్లకు పడిపోయింది. 1976లో ఉత్పత్తి మొదలైన ముంబై తీర సముద్రంలోని బాంబే హై క్షేత్రం ముసలిదైంది. కృష్ణా–గోదావరిలోని డీ-6 క్షేత్రం 2009లో గ్యాస్ ఇవ్వడం మొదలుపెట్టి, మరుసటి ఏడు రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లి, బావుల్లోకి నీరు, ఇసుక చేరడంతో కొన్నేళ్లలోనే చతికిలపడింది. లోతు సముద్రంలో పెట్టుబడి ఎంత పెద్దదో, దిగుబడి అంత అనిశ్చితం.

రామగుండం యూరియా కర్మాగారాన్ని చూడండి. 1999లో మూతపడిన పాత కర్మాగారం బొగ్గుతో నడిచింది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్తది కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి వేసిన పైపులైను గ్యాస్‌తో నడుస్తోంది. యూరియా కర్మాగారాలకు స్వదేశీ గ్యాస్‌ను, దిగుమతి గ్యాస్‌ను కలిపి ఒకే సగటు ధరకు ఇస్తారు. దిగుమతి ధర పెరిగినా మీకు 45 కిలోల బస్తా 266.50 రూపాయలకే దొరుకుతుంది, ఎందుకంటే ఆ తేడాను కేంద్రం సబ్సిడీగా కడుతుంది. డీజిల్‌కు అలాంటి అడ్డు లేదు కనుక పెరుగుదల నేరుగా మీ మీద పడుతోంది.

మీ బోరు మోటారు మాత్రం కరెంటుతో నడుస్తుంది. ఆ కరెంటులో పెద్ద వాటా ఇక్కడి బొగ్గుదే. కోత మిషన్‌కు ఆ వెసులుబాటు ఇంకా రాలేదు. అందాకా కిరాయి తగ్గాలంటే అడగవలసింది పన్ను గురించి: మన తెలంగాణలో డీజిల్‌పై వ్యాట్ 27 శాతం, శాతం లెక్కన వేసే పన్ను కాబట్టి ధర పెరిగితే అదీ పెరుగుతుంది. ఇది కాక కేంద్రం లీటరుకు ఇంతని వేసే ఎక్సైజ్ సుంకం వేరు.