ఇంటెలా, ఏఎండీయా? ముందు పనేంటో చెప్పండి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. ఇంట్లోకి కంప్యూటర్ అసెంబుల్ చేయిద్దామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే ఒక షాపాయన ప్రాసెసర్ ఇంటెల్‌ది తప్ప వద్దన్నాడు, పక్క షాపాయన ఏఎండీ అయితే తక్కువలో అయిపోతుందన్నాడు. గ్రాఫిక్స్ కార్డుకు ఇప్పుడు డబ్బు పెట్టలేం. పైగా ఏఎండీ మీద ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో సరిగా నడవదని వాడి సీనియర్లు చెప్పారట. ఏది కొనమంటారు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: సీనియర్లు చెప్పింది ఒకప్పుడు నిజమే. అందులో ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి ఫోన్‌ను నడిపేది) వేగంగా నడవడానికి విండోస్‌లో హ్యాక్సమ్ అని ఒక సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి వచ్చేది, అది ఇంటెల్ వాళ్లది, ఇంటెల్ ప్రాసెసర్ల మీదే పనిచేసేది. 2018లో గూగుల్ ఏఎండీకి కూడా దారి తెరిచింది, 2023లో ఇంటెల్ ఆ హ్యాక్సమ్‌ను ఆపేసింది కూడా. ఇప్పుడు ఏఎండీ మీద ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తోందంటే చాలాసార్లు బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎస్‌వీఎం అనే ఆప్షన్ ఆన్ చేయకపోవడమే కారణం. అది ఆన్ చేయమనండి, చాలు.

ఇక షాపుల సంగతి. కంపెనీ పేరు చెప్తే సరిపోదండీ, మోడల్ నంబరు చివరి అక్షరం దాకా కొటేషన్‌లో రాయించుకోండి. ఎందుకంటే ఇంటెల్ కోర్ ఐ5 12400 వేరు, 12400ఎఫ్ వేరు. ఎఫ్ ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. కొంచెం చవక కాబట్టి కొటేషన్‌లో అదే దూరుతుంది, ఇంటికొచ్చి మానిటర్ పెడితే బొమ్మ రాదు, అప్పుడు మళ్లీ సీటీసీ ప్రయాణం. అటు ఏఎండీ రైజెన్‌లో కూడా 5600కు గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. మీరు కార్డు కొనట్లేదు కాబట్టి మీ బేరం 12400కీ 5600జీకీ మధ్యే. రెండింటికీ ఆరు కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (అవి ఒకేసారి పట్టగల పనులు). కోడింగ్ పనికి 12400 కాస్త చురుకు, గ్రాఫిక్స్‌లో 5600జీ ముందుంటుంది. అబ్బాయి ఆటలు ఆడడు అనుకుంటే ఇంటెల్ తీసుకోండి. ఆడతాడు, మీరు ఒప్పుకోకపోయినా ఆడతాడు, కాబట్టి నా ఓటు 5600జీకి. అయితే ఒక షరతు: 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా కాకుండా ఎనిమిది, ఎనిమిది రెండు స్టిక్‌లుగా వేయించండి. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, ఒకే స్టిక్ వేస్తే ఆటల్లో వేగం బాగా పడిపోతుంది. ఇది షాపులో ఎవరూ చెప్పరు.

"ముందుముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు" అని ఎవరైనా ఊరిస్తే మాత్రం ఆగి ఆలోచించండి. బోర్డు మీద 12400 కూర్చునే సాకెట్ ఇంటెల్ 14వ తరం చిప్‌లతో ఆగిపోయింది, 5600జీది ఏఎం4 అనే పాత సాకెట్. ఈ ఏఎం4 మీద మాత్రం నాకు గౌరవం ఉంది, 2017లో మొదటి రైజెన్‌తో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకున్నారు. ఇంటెల్ అయితే రెండు మూడు తరాలకోసారి సాకెట్ మార్చేసి కొత్త బోర్డు కొనిపిస్తుంది. నిజంగా అప్‌గ్రేడ్ ఆశ ఉంటే ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 బోర్డు మీద రైజెన్ 8600జీకి వెళ్లండి, ఆ సాకెట్‌ను 2027 దాటాక కూడా నడుపుతామని ఏఎండీ చెప్పింది. చిక్కల్లా దానికి కొత్త రకమైన డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి కావడమే, 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో తెలిసిందే కదా. కాబట్టి ప్రాసెసర్ ధర ఒక్కటే చూడొద్దు, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి ఎంతవుతుందో రెండు కంపెనీలకూ అడిగి చూడండి.

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, ప్రీమియర్ వాడతాను. కొత్త కెమెరా ఫుటేజ్ టైమ్‌లైన్ మీద పెడితే పాత సిస్టమ్ ఆగి ఆగి నడుస్తోంది, టెన్షన్ వచ్చేస్తోంది. ఏఎండీ బాగా వేడెక్కుతుందని అంటారు, మా గదిలో ఏసీ లేదు, వేసవిలో ఎలా ఉంటుందో మీకు తెలుసు.
- వీడియో ఎడిటర్, తెనాలి

జవాబు: వేడి అపవాదు ఏఎండీ పాత ఎఫ్ఎక్స్ చిప్‌ల నాటిది. 2013లో వచ్చిన ఎఫ్ఎక్స్-9590 ఏకంగా 220 వాట్ల రకం, దాని చెడ్డపేరు ఇప్పటికీ రైజెన్‌లు మోస్తున్నాయి. ఈ మధ్య పై స్థాయి చిప్‌లలో లెక్క తిరగబడింది, ఇంటెల్ ఐ9 14900కె బిగపట్టి పనిచేస్తే 253 వాట్ల దాకా లాగుతుంది.

అయినా మీకు ఇంటెలే చెప్తాను, కారణం వేరు. మీ ఫుటేజ్ వివరాల్లో 4:2:2, 10-బిట్ హెచ్.265 (రంగుల వివరం ఎక్కువగా ఉంచి గట్టిగా కుదించే ఫైల్ రకం) అని చూపిస్తోందా? కొత్త కెమెరాల్లో చాలావాటికి ఆ ఆప్షన్ ఉంటుంది. దాన్ని విప్పి చూపించే యంత్రాంగం 11వ తరం నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌లోనే ఉంది, పేరు క్విక్ సింక్. రైజెన్ లోపలి గ్రాఫిక్స్‌కు ఆ రకం ఫైల్ చేతకాదు, భారమంతా కోర్ల మీద పడుతుంది, అందుకే టైమ్‌లైన్ కొట్టుకుంటుంది. ఎన్‌విడియా 50 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు కూడా ఈ పని చేస్తాయి కాబట్టి ఆ కార్డు ఎలాగూ కొంటుంటే రైజెన్ 9 తీసుకున్నా నష్టం లేదు. కార్డు పాతదే ఉంచుకుంటే కోర్ అల్ట్రా 7 265కె. కేఎఫ్ కాదు సుమా, ఎఫ్ వచ్చిందంటే క్విక్ సింక్ కూడా పోయినట్టే. బయోస్‌లో పవర్ లిమిట్ 125 వాట్లకు కట్టేయించండి, ఎక్స్‌పోర్ట్‌కు కాసిన్ని నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు గానీ మే నెలలో గదిలో కూర్చోగలుగుతారు.

ఎవరైనా వాడిన 13, 14వ తరం ఐ7, ఐ9 తక్కువకు ఇస్తామంటే వద్దనండి. వాటిలో చాలా చిప్‌లు అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతూ మెల్లగా పాడైపోయాయి, రెండరింగ్ మధ్యలో క్రాష్ అవడం, బ్లూ స్క్రీన్ రావడం. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ సరిచేసిన మైక్రోకోడ్‌ను (చిప్ లోపలి ఆదేశాలను) బయోస్ అప్‌డేట్‌తో ఇస్తోంది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది, కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయదు. ముందు యజమాని బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశాడో మీకెలా తెలుస్తుంది?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఐ7 3770 చవగ్గా దొరుకుతోంది. అదే డబ్బుకు కాస్త కలిపి కొత్త ఐ3 12100 కొనమంటున్నాడు ఫ్రెండ్. ఐ7 కంటే ఐ3 మేలవుతుందా?
- డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: అవుతుంది, చాలా మేలు. ఆ ఐ7 2012 నాటిది, ఈ ఐ3 2022లో వచ్చింది. రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే, అయితే ఒక్కో కోరు చేసే పనిలో పోలికే లేదు. ఇంకోటి, ఆ ఐ7 మూడో తరానిది, విండోస్ 11 అధికారికంగా కొద్ది మినహాయింపులు తప్ప 8వ తరం కంటే పాత ఇంటెల్‌ను తీసుకోదు, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది. ఫ్రెండ్ మాట వినండి.

ప్రశ్న: మాది ప్రింటింగ్ ప్రెస్. తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లు, ట్యాలీ ఏఎండీలో రావని మా మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
- ఏలూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదు. విండోస్ ప్రోగ్రాములకు రెండూ ఒక్కటే. అసలు ఇవాళ మనం వాడే 64-బిట్ పద్ధతిని 2003లో తెచ్చిందే ఏఎండీ, మరుసటి ఏడాది ఇంటెల్ దాన్నే తీసుకుంది. ఇంటెల్ మెషీన్‌లో వేసుకోవడానికి ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ డౌన్‌లోడ్ చేసినా ఫైల్ పేరులో ఏఎండీ64 అనే ఉంటుంది, మీ మెకానిక్‌కు చూపించండి. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో మొరాయించడం ఉంది గానీ ఆ తగాదా విండోస్‌తో, ప్రాసెసర్‌తో కాదు.

ప్రశ్న: డబ్బా లేకుండా విడి ప్రాసెసర్ తక్కువకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?
- వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: దాన్ని ట్రే ప్రాసెసర్ అంటారు. చిప్ అదే, కానీ డబ్బాతో వచ్చే మూడేళ్ల కంపెనీ వారంటీ ఉండదు, షాపు వాళ్లు రాసిచ్చిందే వారంటీ. ఫ్యాన్ కూడా రాదు, దాని ఖర్చు కలిపితే మిగిలేదేమంత ఉండదు. డబ్బాదే తీసుకోండి, సీల్ మీ ముందే తీయించండి, బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి.