చేయి పట్టుకోగానే ముందు గోరు చూడు

పర్లాకిమిడి.

చిరంజీవి బుజ్జమ్మకు అత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు బరంపురంలో బ్యూటీషియన్ కోర్సులో చేరావనీ, త్వరలో గోళ్ల పాఠాలూ మ్యానిక్యూర్ ప్రాక్టికల్సూ మొదలవుతాయనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. గోటి భాగాల పేర్లు తరగతిలో ఎలాగూ చెబుతారు, పరీక్షకు నువ్వు వాటిని బట్టీ పెట్టక తప్పదు. అయితే ఎదురుగా మనిషి కూర్చుని చేయి చాపినప్పుడు నీకు తెలియవలసినవి వేరే ఉన్నాయి. ఆ వేలిలో జీవం ఉన్న భాగం ఏది, లేనిది ఏది, ఏ చేతికి ఆ రోజు పని చేయకూడదు అనే మూడింటి గురించే ఈ ఉత్తరం.

మన ఊరి కొమ్ము బొమ్మలు నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. గేదె కొమ్ము పైపొరా, మన గోటి పలకా రెండూ కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినవే. పలకలో నరమూ లేదు, రక్తమూ లేదు, అందుకే కత్తిరించినా నొప్పి తెలియదు. జీవమంతా దాని మొదట్లోనూ, అడుగునా, చుట్టూ ఉంటుంది. గోరు పుట్టే చోటు మ్యాట్రిక్స్. అది వేలి చర్మపు మడత కింద దాగి ఉంటుంది, దాని ముందు అంచే బొటనవేలి మీద తెల్లని అర్ధచంద్రాకారంలో మనకు కనిపించే లూన్యులా. గోటి మొదట్లోని పొరను వెనక్కి నెట్టే పుషర్ అనే పనిముట్టుతో అక్కడ గట్టిగా నొక్కితే పుట్టే గోరు గాడిపడి వస్తుంది. మ్యాట్రిక్స్‌కు లోతైన గాయమైతే ఆ గోరు జీవితాంతం చీలికతోనే పెరగవచ్చు. పలక కింద ఉన్న నెయిల్ బెడ్‌లో రక్తనాళాలు ఉండడం వల్లే గోరు గులాబీరంగులో కనిపిస్తుంది. గోటి కొన వేలి నుండి విడివడే చోట హైపోనికియం అనే చర్మం ఉండి, నీరూ క్రిములూ లోపలికి పోకుండా మూసి ఉంచుతుంది. మట్టి తీయాలన్న ఆత్రంతో మొనదేలిన పనిముట్టును అక్కడ దూర్చకు, ఒకసారి ఆ అతుకు విడిపోతే గోరు వేలి నుండి లేచిపోతుంది.

క్యూటికల్ విషయంలో చదువుకున్నవారు కూడా పొరపడుతుంటారు కాబట్టి దీన్ని శ్రద్ధగా చదువు. గోటి మొదట్లో మడతగా కనిపించే చర్మం ఎపోనికియం, అది జీవమున్న చర్మం. దాని అడుగు నుండి వచ్చి పలకకు పలుచగా అంటుకుని ఉండే మృతపొర క్యూటికల్. మనం తొలగించవలసింది ఆ మృతపొరను మాత్రమే. క్యూటికల్ రిమూవర్ రాసి, దాని సీసా మీద చెప్పినంతసేపే ఉంచి, ఆరెంజ్ స్టిక్ అనే సన్నని చెక్కపుల్లతో మెల్లగా వెనక్కి జరిపితే అదే వదులుతుంది. ఈ రిమూవర్లలో చాలావాటిలో క్షారం ఉంటుంది, ఎక్కువసేపు ఉంచితే చర్మాన్ని కాలుస్తుంది. చర్మం కత్తిరించే నిప్పర్‌తో ఎపోనికియంను గుండ్రంగా కోసి తీసేస్తే ఆ పూట చేయి అందంగానే కనిపిస్తుంది కానీ, గోటికి ఉన్న కాపలా పోతుంది, గోరుచుట్టుకు దారి ఏర్పడుతుంది, పైగా తిరిగి పెరిగే చర్మం మరింత మందంగా వస్తుంది. పెళ్లికూతురు కోయమని అడిగినా కోయకు. గోటి పక్కన లేచిన చర్మపు పీచును మాత్రం లాగకుండా మొదలుకంటా కత్తిరించవచ్చు.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పూర్తిగా మారడానికి దాదాపు 6 నెలలు పడుతుంది; కాలి బొటనవేలి గోటికి 12 నుండి 18 నెలలు కావాలి. ఈ లెక్క తెలిస్తే గోరు చాలా సంగతులు చెబుతుంది. అన్ని వేళ్ల మీదా ఒకే దూరంలో అడ్డంగా పల్లం కనిపిస్తే, కొన్ని నెలల కిందట ఆ మనిషికి పెద్ద జ్వరమో, ఆపరేషనో అయి ఉండవచ్చు. అది గోటితోపాటే పెరిగి పోతుంది, దాన్ని ఫైలుతో చదును చేయాలని చూస్తే గోరు పలచబడి విరుగుతుంది. తెల్లని చుక్కలు కాల్షియం లోపమని మన ఇళ్లలో అందరూ అంటారు గానీ, చాలామట్టుకు అవి గోటి మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులే. గోరు చెంచాలా గుంటపడి ఉంటే రక్తహీనత, ముఖ్యంగా ఇనుము లోపం, ఉండే అవకాశం ఉంది. అలాంటి ఆడపిల్ల వచ్చినప్పుడు మ్యానిక్యూర్ చేసి పంపు, కానీ రక్తపరీక్ష చేయించుకోమని ఆప్యాయంగా చెప్పడం మరువకు. పసుపు, గోరింటాకు వల్ల రంగు మారిన గోళ్లను చూసి కంగారు పడనక్కరలేదు.

ఇక పని చేయకూడని గోళ్లు. నాట్ల కాలంలో పొలాల్లో రోజంతా తడిలో పనిచేసినవారికీ, హోటళ్లలో గిన్నెలు తోమేవారికీ గోటి మడత వాచి, ఎర్రబడి, నొక్కితే చీము వచ్చే గోరుచుట్టు తరచుగా కనిపిస్తుంది. పిప్పిగోరు పసుపుగా, మందంగా, పొడిపొడిగా రాలుతుంటుంది, అది చాలావరకు ఫంగస్ వల్ల వచ్చేది, ఒకే ఫైలు వాడితే మరొకరికి అంటుతుంది. లేచిన గోటి కిందో, ఊడుతున్న కృత్రిమ గోటి కిందో తేమ నిలిచి ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే అది బాక్టీరియా పని, దాన్ని పాలిష్‌తో కప్పడం తగదు. అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసింది గోటి పొడవునా ఉండే నల్లని లేదా గోధుమరంగు చార. మన మేనిరంగు ఉన్నవారికి అనేక వేళ్ల మీద అలాంటి చారలు సహజంగానే ఉండవచ్చు. అయితే పెద్ద వయసులో ఒకే వేలి మీద కొత్తగా వచ్చి, క్రమంగా వెడల్పవుతూ, ఆ నలుపు పక్క చర్మంలోకి కూడా పాకితే అది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు, ఆలస్యం చేయకుండా వైద్యుడు చూడవలసిందే. ఈ మాట వారి ముఖం మీద అనకు. రోగం పేరు చెప్పే అధికారం మనకు లేదు. "ఈ వేలిని ఒకసారి చర్మవైద్యులకు చూపించండమ్మా, తరువాత నేనే చేస్తాను" అని తెలుగువారికి తెలుగులో, ఒడియావారికి ఒడియాలో, నలుగురి ముందు కాకుండా చెప్పు. బరంపురంలోనే ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కనుక ఎటు పంపాలో నువ్వు వెతుక్కోనక్కరలేదు.

శుభ్రత విషయంలో నేను ఎవరి మాటా వినను, నువ్వూ వినకు. ఇనుప పనిముట్లను మొదట సబ్బునీటితో రుద్ది కడగాలి, మురికి ఉండగా మందులో ముంచితే మందు పనిచేయదు. ఆపైన క్రిమినాశక ద్రావణంలో, సీసా మీద రాసినంతసేపు, పూర్తిగా మునిగేలా ఉంచాలి. ఆటోక్లేవ్ అనే ఒత్తిడి ఆవిరి యంత్రం ఉంటే 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో 15 నుండి 20 నిమిషాలు పెట్టడం అంతకన్నా మేలు. పార్లర్లలో నీలికాంతితో వెలిగే పెట్టె పనిముట్లను దాచడానికే పనికొస్తుంది, అది స్టెరిలైజ్ చేస్తుందని నమ్మకు. ఆరెంజ్ స్టిక్, కాగితపు ఫైలు ఒక్కరికే వాడి పారేయాలి, లేదా వారికే ఇచ్చి పంపాలి. కాలేయానికి జబ్బు చేసే హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల కనీసం 7 రోజులు బతికి ఉండగలదు, అది మరొకరికి అంటడానికి కంటికి కనిపించనంత రక్తం అంటిన నిప్పర్ చాలు.

చేసే క్రమం నీకు నేర్పుతారు, నేను కొన్ని మెలకువలే చెబుతాను. ఫైలింగ్‌ను నానబెట్టడానికి ముందే ముగించు, నానిన గోరు మెత్తబడి పొరలుగా చీలుతుంది. సహజమైన గోటికి 180 లేదా 240 గ్రిట్ (గరుకుతనాన్ని చెప్పే సంఖ్య) ఫైలు చాలు, రంపంలా ముందుకూ వెనక్కూ లాగకుండా పక్క నుండి మధ్యకు ఒకే దిశలో నడుపు. గోరువెచ్చని నీటిలో 5 నిమిషాలకు మించి ఉంచకు. గోరు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బిన గోటి మీద వేసిన పాలిష్, ఆ గోరు ఆరి కుంచించుకున్నప్పుడు పెచ్చులు లేస్తుంది. మసాజ్ తరువాత పలక మీది నూనెను పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో తుడిచి, బేస్ కోట్ వేసి, రంగును పలుచగా రెండుసార్లు, టాప్ కోట్ ఒకసారి వేసి, గోటి కొన అంచుకు కూడా కుంచె తగిలించు. ఆసుపత్రిలో ఆపరేషన్ ఉందని చెప్పినవారికి రంగు వేయకు, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ కొలతను ముదురు రంగులు తప్పుదారి పట్టించవచ్చు. దీపపు కాంతిలో గట్టిపడే జెల్ పాలిష్ నేర్చుకునే రోజు వచ్చినప్పుడు, గట్టిపడని జెల్ చర్మానికి తగలనివ్వకు. దానివల్ల పట్టుకునే ఎలర్జీ నీకు పట్టినా, వచ్చినవారికి పట్టినా మళ్లీ పోవడం కష్టం.

చేతికి పని తగలక ముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టు. మొదటి డోసు వేయించుకున్న నెలకు రెండవది, 6 నెలలకు మూడవది వేస్తారు. చిన్నప్పుడు వేయించారేమో మీ అమ్మను అడిగి, ఆ కార్డు దొరికితే వైద్యునికి చూపించు. డబ్బు సంగతి నాన్నను అడగనక్కరలేదు, నేను పంపుతాను. దానితోపాటే ఒక మంచి స్టీలు పుషర్, నిప్పర్ కూడా పంపుతున్నాను. కాళ్ల గోళ్ల సంగతి, ముఖ్యంగా మాంసంలోకి దిగిన గోరు వచ్చినప్పుడు ఏం చేయాలో, నీ పెడిక్యూర్ పాఠాలు మొదలయ్యాక రాస్తాను.

ఇట్లు,
నీ మేనత్త