‘నిజమే, కానీ...’ని ఇంగ్లిష్‌లో రాసేదెలా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర బంగారుపాళ్యం. తిరుపతిలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఎంఎస్ కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాశాను. లిజనింగ్ 7, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5 వచ్చాయి. రైటింగ్‌లో మాత్రం 5.5. నేను చేరాలనుకున్న యూనివర్సిటీలో ఏ సెక్షన్‌లోనూ 6కు తగ్గకూడదు. ‘ఐ థింక్’ ఎక్కువైందని ఒక సార్ అన్నారు. ‘ఐ స్ట్రాంగ్లీ బిలీవ్’ అని గట్టిగా రాయమని ఇంకో సార్ చెప్పారు. అసలు ‘ఐ’ అన్న మాటే రాయకూడదని ఫ్రెండ్ అంటోంది. ఎవరి మాట వినాలి మేడమ్? ప్రాక్టీస్‌లో రాసిన రెండు వ్యాసాలు పంపుతున్నాను. మళ్లీ పరీక్ష అంటే నాన్నకు ఖర్చు, నాకు టెన్షన్.

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. నాలుగూ కూడి సగటు తీస్తే నీ ఓవరాల్ 6.5. నీకు అడ్డంగా ఉన్నది రైటింగ్‌లో ఒక్క అరబ్యాండ్, అంటే అర పాయింటు. కంప్యూటర్ మీద పరీక్ష రాసి ఉంటే ఆ ఒక్క సెక్షన్‌నే మళ్లీ రాసే వీలుంది, దాన్ని వన్ స్కిల్ రీటేక్ అంటారు. మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల లోపు రాయాలి, ఒక పరీక్షకు ఒక్కసారే. అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు. అందుకని డబ్బు కట్టకముందే నీ యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకు మెయిల్ పెట్టి అడుగు. వాళ్లు ఒప్పుకుంటే నాన్న జేబుకూ కొంత ఊరట.

ఇక నీ వ్యాసాలు. రెండూ చదివాను. రైతులకు ప్రభుత్వం డబ్బు సాయం చేయాలా అన్న వ్యాసంలో ‘ఐ థింక్’ తొమ్మిది సార్లుంది. అయినా ‘ఐ’ రాయడం తప్పేమీ కాదు, ఫ్రెండ్ మాట పట్టించుకోకు. నీ అభిప్రాయమేంటని ప్రశ్నే అడుగుతున్నప్పుడు ‘ఐ’ అనకుండా ఎలా ఉంటావు? చిక్కెక్కడంటే, తొమ్మిది మాటలకూ ఒకే బరువు పడింది. ఏది నువ్వు ఒప్పుకుంటున్నావో, ఏది కాదంటున్నావో, దేన్ని చూసి ఆశ్చర్యపోతున్నావో తేడా తెలియడం లేదు. ‘థింక్’ తీసేసి ‘స్ట్రాంగ్లీ బిలీవ్’ పెడితే గొంతు పెరుగుతుంది గానీ ఆ తేడా మాత్రం రాదు.

మన ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు చూడు. ‘నిజమే, కానీ...’, ‘చెప్పడం సులువు, చేయడమే కష్టం’, ‘వాడు అలా చేశాడంటే ఆశ్చర్యమేమీ లేదు’. ఎక్కడా ‘నేను అనుకుంటున్నాను’ అనం. అయినా తీర్పు చెప్పేశాం. మీ నాన్న ‘నిజమేలే...’ అని సాగదీశాడంటే, తర్వాత ‘కానీ’ వస్తుందనీ, నువ్వు అడిగినది దొరకదనీ నీకు ముందే తెలిసిపోదూ? ఇంగ్లిష్‌లో ‘ఇట్ ఈజ్ ట్రూ దట్’ చేసే పని సరిగ్గా అదే. ఎదుటివాళ్ల మాటలో న్యాయం ఉందని ముందు ఒప్పుకోవడం, ఆ తర్వాత మన మాట చెప్పడం. అది రాసి ఊరుకుంటే చదివేవాడు ‘కానీ’ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాడు. నీ రెండో వ్యాసంలో ఒకచోట అదే జరిగింది.

తేడా అల్లా ఒక్క ‘ఇట్’ దగ్గరే. ‘సీటు దొరకడం కష్టం’ అంటే మనకు వాక్యం పూర్తయిపోయింది, క్రియ కూడా అక్కర్లేదు. ఇంగ్లిష్ వాక్యానికి కర్త స్థానం ఖాళీగా ఉంటే కుదరదు. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు వచ్చీ రాగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారే, ‘ఇట్’ ఆ తువ్వాలు. దానికి సొంతంగా అర్థం లేదు. అసలు కూర్చోవాల్సిన మనిషి వెనకాల వస్తున్నాడు. ‘ఇట్ ఈజ్ హార్డ్ టు ఫైండ్ ఏ సీట్’లో ‘టు ఫైండ్ ఏ సీట్’ ఆ వెనకాల వచ్చే మనిషి. కొన్నిసార్లు ‘టు’తో వస్తాడు, కొన్నిసార్లు ‘దట్’తో. తువ్వాలు వేయకుండా ‘ఈజ్ ఇంపార్టెంట్ టు సేవ్ వాటర్’ అని రాశావు, రెండుచోట్ల. తొందరలో పడిన తప్పే, కానీ పరీక్ష దిద్దేవాళ్ల కంట్లో పడుతుంది.

దీనికంటే పెద్దది ఇంకోటుంది. ‘ఫార్మర్స్ ఆర్ డిఫికల్ట్ టు గెట్ గుడ్ ప్రైస్’ అన్నావు. రైతులకు మంచి ధర రావడం కష్టం అన్నది నీ మనసులో ఉన్న మాట. చదివేవాడికి మాత్రం రైతులే మొండివాళ్లు అన్నట్టు వినిపిస్తుంది! ‘ఐ యామ్ డిఫికల్ట్ టు స్పీక్ ఇంగ్లిష్’ అని ఇంటర్వ్యూలో చెప్పిన పిల్లలను చాలామందిని చూశాను. తెలుగులో ‘రైతులకు’ అంటున్నాం కదా, ఆ ‘కు’ని వదిలేయకు. దాని బదులు అక్కడ ‘ఫర్’ పెట్టాలి: ‘ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ ఫార్మర్స్ టు గెట్ ఏ గుడ్ ప్రైస్’. కష్టం, సులువు, అవసరం, సాధ్యం, మామూలు లాంటి మాటలకు ఇదే దారి. మనిషి గుణాన్ని తూచేటప్పుడు మాత్రం ‘ఫర్’ బదులు ‘ఆఫ్’ వస్తుంది. ‘ఇట్ వాజ్ కైండ్ ఆఫ్ యూ టు కమ్’ అంటే రావడంలో నీ మంచితనం కనిపించిందని. కేర్‌లెస్, ఫూలిష్, జెనరస్ కూడా ఆ వరుసలోవే.

‘ఇట్ ఈజ్ సర్‌ప్రైజ్డ్ దట్’ అని కూడా ఒకచోట ఉంది. ఆశ్చర్యపోయేది మనిషి, కాబట్టి మనిషి పక్కన ‘సర్‌ప్రైజ్డ్’. ఆశ్చర్యపరిచేది విషయం, దాని పక్కన ‘సర్‌ప్రైజింగ్’. ఇంక ‘ఆల్దో’తో మొదలుపెట్టి మధ్యలో ‘బట్’ పెట్టడం. తెలుగులో ‘అయినా’, ‘కానీ’ జంటగా వచ్చినా చెవికి ఇబ్బంది ఉండదు, ఇంగ్లిష్‌లో రెండింట్లో ఒకటి తీసేయాలి.

ఇప్పుడు నీ వ్యాసాన్నే తీసుకుందాం. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు అందేలా గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. మీ ఊళ్లో వాళ్లకు నేను చెప్పాలా! నువ్వు ‘ఐ థింక్ సబ్సిడీ ఈజ్ గుడ్. బట్ ఐ థింక్ ఇట్ ఈజ్ నాట్ ఇనఫ్’ అని రాశావు. పెద్ద తప్పులు లేవు, పస కూడా లేదు. ఇలా రాసి చూడు: ‘ఇట్ ఈజ్ ట్రూ దట్ ద సబ్సిడీ బ్రాట్ సమ్ రిలీఫ్. హౌఎవర్, ఇట్ ఈజ్ డౌట్‌ఫుల్ వెదర్ ఫోర్ రుపీస్ ఏ కిలో కెన్ హెల్ప్ ఏ ఫార్మర్ హూ హాజ్ నో బయ్యర్.’ సబ్సిడీతో కొంత ఊరట కలిగిన మాట నిజమే, కొనేవాడే లేని రైతును కిలోకు నాలుగు రూపాయలు ఆదుకుంటాయా అన్నది అనుమానమే అని. ‘డౌట్‌ఫుల్’ తర్వాత ‘వెదర్’ వచ్చింది, గమనించు. ‘ఐ’ లేదు, అరుపు లేదు, కానీ నువ్వు ఎటువైపున్నావో తెలిసిపోతోంది.

విశేషణాన్ని మార్చితే తూకం మారుతుంది. ఊరి పిల్లలు బెంగళూరు, చెన్నై వెళ్లిపోవడం గురించి ‘ఇట్ ఈజ్ అండర్‌స్టాండబుల్’ అంటే వాళ్ల ఇబ్బంది నీకు తెలుసన్నట్టు. ‘ఇట్ ఈజ్ ఇన్‌ఎవిటబుల్’ అంటే ఇక చేసేదేమీ లేదని చేతులెత్తేసినట్టు. ‘ఇట్ ఈజ్ అన్‌ఫార్చునేట్’ అంటే బాధపడుతున్నట్టు. ‘ఇట్ ఈజ్ ఆబ్వియస్’ని మాత్రం దగ్గరికి రానివ్వకు. నీకు కనబడింది ఎదుటివాడికి కనబడకపోతే, వాణ్ని తెలివితక్కువవాడన్నట్టే. ‘ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్’ తర్వాత క్రియారూపం కాస్త తికమక పెడుతుంది, పరీక్షలో ‘ఎసెన్షియల్ ఫర్ ఫార్మర్స్ టు’ అని రాసేయ్, గొడవ ఉండదు.

ఇది చదివి వ్యాసం నిండా ‘ఇట్ ఈజ్’లు కుమ్మరిస్తావేమో, అది నా భయం. రైటింగ్‌లో రెండో టాస్క్ అంటే ఈ వ్యాసమే, దానికి కనీసం 250 పదాలు, సుమారు 40 నిమిషాలు. అందులో ఈ రకం వాక్యాలు మూడో నాలుగో ఉంటే చాలు. బట్టీపట్టిన మాటలను పరీక్ష దిద్దేవాళ్లు ఇట్టే పసిగడతారు. రైటింగ్ మార్కుల్లో ఆ టాస్క్‌కు మొదటిదాని కంటే రెట్టింపు విలువ కాబట్టి కష్టమంతా దాని మీదే పెట్టు.

ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో చెబుతూ యూనివర్సిటీకి పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గరకొచ్చేసరికి ఈ సలహా తిరగబడుతుంది. అక్కడ ‘ఇట్ వాజ్ ఇంట్రెస్టింగ్ టు వర్క్ ఆన్ ఏ ప్రాజెక్ట్’ అంటే పని ఎవరు చేశారో తెలియదు. ‘ఐ బిల్ట్’, ‘ఐ టెస్టెడ్’ అని నిలబడి చెప్పాలి. క్యాంపస్ గ్రూప్ డిస్కషన్‌లో మళ్లీ ‘ఇట్ ఈజ్ ట్రూ దట్’ పనికొస్తుంది. పక్కవాడితో ‘యూ ఆర్ రాంగ్’ అనకుండానే కాదనొచ్చు.

ఈ రోజు యూనివర్సిటీకి మెయిల్ పెట్టు. జవాబు వచ్చేలోపు ‘ఐ థింక్’ తొమ్మిది సార్లున్న ఆ వ్యాసాన్నే తీసుకుని, ప్రతి ‘ఐ థింక్’ పక్కన నువ్వు ఒప్పుకుంటున్నావా, అనుమానిస్తున్నావా, బాధపడుతున్నావా అని తెలుగులోనే ఒక్క మాట రాయి. ఏమీ తోచని చోట ఆ వాక్యం కొట్టేయ్. మిగిలినదాన్ని గడియారం పెట్టుకుని 40 నిమిషాల్లో మళ్లీ రాసి నాకు పంపు.