పొలంలో దొరికిన పాత ఉంగరం: చెప్పాలా, దాచుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. మెటల్ డిటెక్టర్లతో పొలాల్లో పాత వస్తువులు వెతికే అభిరుచి ఉన్న మరో ముగ్గురు మిత్రులతో కలిసి ఆదివారాలు సఫోక్ వైపు వెళుతుంటాను. రైతు నోటిమాటగా ఒప్పుకున్న ఒక పొలంలో, జానెడు లోతున నాకొక బంగారు ఉంగరం దొరికింది. దాని లోపలి వైపు వంపు తిరిగిన పాతకాలపు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇది జరిగి తొమ్మిది రోజులైంది. ఎవరికీ చెప్పనక్కరలేదని ఒక మిత్రుడు, అమ్మి నలుగురమూ పంచుకుందామని మరొకరు అంటున్నారు. ఊళ్లో ఉన్న అమ్మకు పంపాలని నా కోరిక. చట్టం ఏమంటుంది?

జవాబు: అన్నిటికంటే ముందు గడువు సంగతి చూసుకోండి. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో అమల్లో ఉన్న 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం, నిక్షేపం అనదగిన వస్తువు దొరికినవారు ఆ మరుసటి రోజు నుంచి లెక్కించి 14 రోజుల్లోగా ఆ ప్రాంతపు కొరోనర్‌కు (అనుమానాస్పద మరణాలతో పాటు నిక్షేపాలపై కూడా విచారణ జరిపే న్యాయాధికారికి) తెలియజేయాలి. అది నిక్షేపమని తరువాత ఎప్పుడో అర్థమైతే గడువు అప్పటి నుంచే మొదలవుతుంది కాని, అక్షరాలు పాతకాలానివని మీరే రాశారు కనుక ఆ వెసులుబాటును నమ్ముకోవద్దు. మీకు మిగిలింది ఐదు రోజులే. తగిన కారణం లేకుండా తెలియజేయకపోతే మూడు నెలల వరకు జైలుశిక్ష, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీవంటివారికి ఇంకొక చిక్కు కూడా ఉంది. వీసా పొడిగింపుకు, శాశ్వత నివాసానికి, పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు నేరచరిత్రను తప్పక చూస్తారు.

ఇక మీ ఉంగరం నిక్షేపమేనా అన్నది. లంకెబిందెలాగా ఎవరో దాచిపెట్టిందే నిక్షేపమని మనం అనుకుంటాం. ఇక్కడి పాత న్యాయసూత్రం కూడా అదే. తిరిగి తీసుకునే ఉద్దేశంతో దాచిన బంగారం, వెండి మాత్రమే దాని పరిధిలోకి వచ్చేవి. 1997 సెప్టెంబరు 24న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక, దాచారా, వేలి నుంచి జారిపోయిందా అన్న ప్రశ్నకు పట్టింపు లేకుండా పోయింది. నాణెం కాని వస్తువైతే, దొరికిన నాటికి కనీసం 300 ఏళ్ల వయసు ఉండి, బరువులో కనీసం పదోవంతు బంగారమో వెండో ఉంటే అది నిక్షేపమే. తొమ్మిది క్యారట్ల బంగారంలోనే 37.5 శాతం మేలిమి ఉంటుంది కనుక మీ విషయంలో తేలవలసింది వయసు ఒక్కటే. పదహారు, పదిహేడు శతాబ్దాలలో ఈ దేశంలో ప్రేమవాక్యమో, దైవవాక్యమో లోపల చెక్కించి ఉంగరాలు ఇచ్చిపుచ్చుకునే ఆచారం విస్తారంగా ఉండేది. వాటిని పోజీ రింగులంటారు. మీ వర్ణన దానికి దగ్గరగా ఉంది. తేల్చి చెప్పవలసింది మాత్రం నిపుణులు. 2023 జూలై 30 నుంచి, 200 ఏళ్లు దాటి, అసాధారణ చారిత్రక ప్రాధాన్యం ఉన్న లోహపు వస్తువులను కూడా ఈ నిర్వచనంలో చేర్చారు.

ఒకవేళ ఉంగరం అంత పాతది కాదని తేలితే అప్పుడు అది మీదవుతుందా? కాదనే చెప్పాలి. 1992లో ఫార్నమ్ పార్కులో ఒక వ్యక్తికి మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుండగా, తొమ్మిది అంగుళాల లోతున మధ్యయుగపు బంగారు పిన్ను ఒకటి దొరికింది. అది నిక్షేపం కాదని కొరోనర్ తేల్చారు. ఆ తరువాత పార్కు యజమాని అయిన వేవర్లీ బరో కౌన్సిల్‌కూ, దొరికిన వ్యక్తికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో అప్పీలు కోర్టు, నేలలో పాతుకుపోయి ఉన్న వస్తువుపై నేల యజమానికే మెరుగైన హక్కు ఉంటుందని తీర్పు చెప్పింది. కాబట్టి దొరికినవాడిదే వస్తువు అన్న మాట ఇక్కడ చెల్లదు. ఉంగరం నిక్షేపమైతే క్రౌన్‌కు, అంటే ప్రభుత్వానికి చెందుతుంది, కాకపోతే పొలం యజమానికి చెందుతుంది. ఈ మధ్యకాలంలో పోగొట్టుకున్నవారెవరైనా బయటపడితే వారి హక్కు అందరికంటే ముందుంటుంది. మీకు అనుమతి ఇచ్చిన రైతు భూమికి యజమానా, కౌలుదారా అన్నది కూడా ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

అంతమాత్రాన మీకు ఏమీ దక్కదని కాదు. కొరోనర్ విచారణలో నిక్షేపమని తేలి, ఏదైనా మ్యూజియం కావాలనుకుంటే, ట్రెజర్ వాల్యుయేషన్ కమిటీ మార్కెట్ విలువ కట్టి సిఫారసు చేస్తుంది. ఆ మొత్తాన్ని సాధారణంగా దొరికినవారికీ, భూయజమానికీ సగం సగం ఇస్తారు. 2009లో బయటపడిన స్టాఫర్డ్‌షైర్ నిధికి కట్టిన 32 లక్షల 85 వేల పౌండ్లను కూడా డిటెక్టర్ పట్టిన వ్యక్తీ, రైతూ ఇలాగే పంచుకున్నారు. ఏ మ్యూజియమూ వద్దంటే, భూయజమానికి తెలియజేసిన తరువాత వస్తువును వెనక్కి ఇస్తారు. ఇదంతా పూర్తి కావడానికి ఏడాదికి పైగా పట్టడం మామూలే.

మీ నలుగురి మధ్య వాటాల సంగతే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది, ఎందుకంటే స్నేహాలు చెడేది ఇక్కడే. దొరికినవారికే కాక, ఆ వెతుకులాటలో పాలుపంచుకున్న ఇతరులకు కూడా పారితోషికం ఇచ్చే వీలు చట్టంలో ఉంది. అయితే ఎవరికెంత అన్న లెక్క చట్టం చెప్పదు, మీ ఒప్పందమే చెప్పాలి. డిటెక్టర్ మోగించింది ఎవరు, తవ్వింది ఎవరు, ఆ రోజు ఎవరెవరు ఉన్నారు అన్నది ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు చేయండి. రైతుతోనూ వాటా సంగతి లిఖితపూర్వకంగా తేల్చుకోండి. నోటిమాట అనుమతి చెల్లుతుంది కాని, వివాదం వచ్చిననాడు రుజువు చేయడం కష్టం.

చెప్పవద్దన్న మిత్రుడికి హెరిఫర్డ్‌షైర్ ఉదంతం చెప్పండి. 2015లో అక్కడ ఇద్దరు డిటెక్టరిస్టులు సుమారు 300 నాణేలతో పాటు బంగారు ఉంగరం, కడియం, స్ఫటికపు లాకెట్టు కనుగొని, అధికారులకు చెప్పకుండా అమ్మడం మొదలుపెట్టారు. ఆ నాణేల్లో తిరిగి అధికారుల చేతికి వచ్చినవి 31 మాత్రమే. దొంగతనం, దాచివేత నేరాల కింద 2019లో విచారణ కోర్టు వారికి పదేళ్లు, ఎనిమిదిన్నర ఏళ్లు శిక్ష వేసింది, అప్పీలులో వాటిని తగ్గించారు. చెప్పి ఉంటే చట్టబద్ధంగానే పెద్ద మొత్తం చేతికి వచ్చేది.

ఉంగరాన్ని చింతపండుతో తోమకండి, కంసాలి చేత గీటురాయి మీద గీయించకండి. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మట్టి కూడా నిపుణులకు ఆధారమే. గీత పడితే విలువ తగ్గుతుంది, దాచే ప్రయత్నం చేశారన్న అనుమానమూ కలుగుతుంది. ఇక అమ్మగారికి పంపడం ఇప్పట్లో కుదరదు. ఉంగరం చివరకు మీ చేతికే వచ్చినా, బ్రిటన్ నేలలో దొరికిన, 50 ఏళ్లు దాటిన పురావస్తువును దాని ధరతో నిమిత్తం లేకుండా ఎగుమతి లైసెన్సుతోనే దేశం దాటించాలి. సామానులో పెట్టి విమానం ఎక్కితే అది మరొక నేరం.

కొరోనర్‌కు నేరుగా రాయడం తెలియకపోతే, సఫోక్ ప్రాంతపు ఫైండ్స్ లైజన్ ఆఫీసర్‌కు (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే స్థానిక అధికారికి) ఈ రాత్రికే ఈమెయిల్ పంపండి. కొరోనర్‌కు సమాచారం చేరవేయడం వారి పనిలో భాగం. దొరికిన తేదీ, పొలం ఉన్న చోటు, లోతు, రైతు పేరు, మీ నలుగురి పేర్లు రాసి, ఉంగరాన్ని కడగకుండా లోపలా బయటా తీసిన ఫొటోలు జతచేయండి. వారి నుంచి వచ్చే రసీదును జాగ్రత్తగా దాచుకోండి, గడువు లోపల తెలియజేశారనడానికి అదే మీ సాక్ష్యం.