టెక్ సందేహాలు: స్టార్టర్ డబ్బాకు ఏ సిమ్ వెయ్యాలి?

ఈ వారం పొలం పనుల చుట్టూ వచ్చిన ప్రశ్నలు మూడు.

ప్రశ్న: బోరు మోటారుకు ఫోన్ చేస్తే ఆన్, ఆఫ్ అయ్యే మొబైల్ స్టార్టర్ డబ్బా పెట్టించాను. ఖర్చు తగ్గుతుందని పాత సిమ్ తీసి జియో సిమ్ వేశాను. డబ్బాలో లైటు వెలుగుతోంది, కాల్ మాత్రం కలవడం లేదు. డబ్బా పాడైందా? (నర్సంపేట నుంచి ఒక రైతు)

డబ్బా బాగానే ఉండి ఉంటుంది. ఈ స్టార్టర్లలో చాలావాటికి లోపల ఉండేది 2జీ మాడ్యూల్. జియో 2016లో 4జీతోనే మొదలైంది, దానికి 2జీ టవర్లు లేవు. కాబట్టి ఆ సిమ్‌కు మీ డబ్బాలో సిగ్నల్ ఎప్పటికీ దొరకదు. ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్, వీఐలకు 2జీ ఉంది. ఏది కొనాలో తేల్చుకోవడానికి ఈ మూడింటిలో ఒక కంపెనీ సిమ్‌ను పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో వేసుకుని బోరు దగ్గరికే వెళ్లి చూడండి. ఇంటి దగ్గర నాలుగు గీతలు వచ్చినా ఉపయోగం లేదు. కొత్త డబ్బా కొనేవాళ్లయితే 4జీదే అడగండి.

సిమ్‌కు పిన్ లాక్ ఉంటే తీసెయ్యాలి. రీఛార్జ్ గడువు దాటితే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. పంట నీళ్లకొచ్చిన వారంలోనే అది తెలిస్తే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. డబ్బాలో మీ ఇంట్లోవాళ్ల నంబర్లు మాత్రమే రిజిస్టర్ చేయండి. లేదంటే కొన్ని మోడళ్లలో లోన్ కావాలా అని అడిగే కాల్ వచ్చినా మోటారు తిరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: మోటారు దగ్గర ఎవరైనా వైర్లు ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి చేతిలో పెట్టుకోవాలి. ఊళ్లో ఉన్న కొడుకు ఫోన్‌లో ఆన్ నొక్కితే, బోరు దగ్గర నాన్న ఉన్నాడని డబ్బాకు తెలియదు.

కరెంటు రాగానే దానంతటదే మోటారు తిప్పే ఆటో స్టార్టర్ వేరే సంగతి. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసెయ్యమని ప్రభుత్వమే చెప్పింది. పొలం నిండాక కూడా నీళ్లు పారుతూ ఉంటే భూగర్భ జలాలు ఏమవుతాయి? మీ డబ్బాలో ఆటో మోడ్ ఉంటే ఆఫ్‌లో పెట్టుకోవడమే నయం.

ప్రశ్న: యాప్‌లో గుంటూరు మిర్చి రేటు చూసి సరుకు తోలుకెళ్తే, అంతకన్నా బాగా తక్కువకు అడిగారు. యాప్ రేట్లు నమ్మొచ్చా? (ప్రత్తిపాడు నుంచి)

నమ్మొచ్చు, కానీ సరైన గడి చూడాలి. ప్రతి రకానికీ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలుంటాయి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది గరిష్ఠం. బాగా ఎండి, రంగు నిలిచిన ఏ ఒక్క లాటుకో పలికిన ధర అది. ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర మోడల్, మీరు లెక్క వేసుకోవాల్సింది దాని మీదే. తేజ రకం రేటు చూసి 341 రకం తీసుకెళ్లినా, తాలు (రంగు పోయిన నాసి కాయ) కలిసినా తేడా వస్తుంది. ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయ, ధర వేరు. తేదీ కూడా చూడండి, నిన్నటి రేటే ఇంకా కనిపిస్తూ ఉండొచ్చు.

2016 ఏప్రిల్ 14న వచ్చిన ఈ-నామ్ (కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) ఉద్దేశం దూరాన ఉన్న వ్యాపారి కూడా ఆన్‌లైన్‌లో బిడ్ వెయ్యాలని. అయితే టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి కాయ విరిచి చూస్తే గానీ ధర చెప్పని వ్యాపారం ఇది. తేమ, నాణ్యత యార్డులో పరీక్షించి నమోదు చేస్తేనే దూరపు వ్యాపారికి ధైర్యం వస్తుంది. అది జరగని చోట కంప్యూటర్ ఉన్నా, ధర పెట్టేది ఎదురుగా నిలబడ్డ నలుగురే. గేటు దగ్గర లాట్ నంబరు తీసుకోండి, పరీక్ష చేయమని అడగండి. బిడ్ నచ్చకపోతే ఒప్పుకోవాల్సిన పని లేదు.

ప్రశ్న: పీఎం కిసాన్ జాబితా అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే యాప్ ఫైల్) ఇన్‌స్టాల్ చేశాను. ప్రమాదమా? (పేరు, ఊరు రాయలేదు)

ప్రమాదమే. మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు లాగేస్తాయి ఇవి. వెంటనే డేటా, వైఫై ఆపి ఆ యాప్ తీసెయ్యండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఏటా మూడు విడతల్లో, విడతకు 2,000 రూపాయల చొప్పున పడే పీఎం కిసాన్ డబ్బుకు ఈ-కేవైసీ కావాలంటే ప్లే స్టోర్‌లోని అధికారిక యాప్ చాలు, ముఖం చూపించి ఇంట్లోనే పూర్తిచేయవచ్చు. ఆ ఫైల్ మీ నంబరు నుంచి మీ చుట్టాలకూ వెళ్లి ఉండొచ్చు, తెరవొద్దని వాళ్లకు ఈ రోజే చెప్పండి.